సొంత కంటైనర్ రిజిస్ట్రీ పెట్టుకోవడం ఎలా: పేరు పెట్టడం నుంచి చెత్త తీసేదాకా

అప్లికేషన్‌ను దానికి కావాల్సినవన్నిటితో కలిపి కట్టిన ప్యాకేజీనే కంటైనర్ ఇమేజ్ అంటారు; అలాంటివాటిని దాచి, అడిగిన మెషీన్లకు ఇచ్చే సర్వర్ రిజిస్ట్రీ. దాన్ని నడపడానికి నిజానికి ఒక్క కమాండ్ చాలు. డాకర్ ఉన్న ఏ మెషీన్‌లోనైనా రిజిస్ట్రీ ఇమేజ్‌ను రన్ చేసి 5000 పోర్ట్ తెరిస్తే నిమిషంలో పనైపోతుంది. అంత తేలిగ్గా అయిపోయింది కదా అని చాలామంది అక్కడే ఆగిపోతారు. కొన్ని నెలలకు డిస్క్ నిండుతుంది, బిల్డులు ఫెయిలవడం మొదలవుతుంది, ఏ ఇమేజ్ తీసేయొచ్చో ఎవరికీ తెలియదు. రిజిస్ట్రీకి పెట్టిన పేరు బాగాలేదని కూడా అప్పుడే తెలుస్తుంది, కానీ ఆ పేరు అప్పటికే వంద ఫైళ్లలో పాతుకుపోయి ఉంటుంది.

అందుకని ఈ గైడ్‌లో రన్ చేసే భాగం చిన్నదిగా, పేరు, తొలగింపు అనే రెండు విషయాలు పెద్దవిగా ఉంటాయి. మిగతావన్నీ తర్వాతైనా సరిచేసుకోవచ్చు. ఈ రెండూ మొదటి రోజే తేల్చుకోవాలి. కమాండ్లను, ఫైల్ పాత్‌లను పలికినట్టు రాస్తున్నాను. టెర్మినల్‌లో మామూలుగా ఇంగ్లీషులోనే టైప్ చేయండి.

అసలు మీకు అవసరమా?

మీ దగ్గర ఇప్పటికే కోడ్ దాచుకునే గిట్‌ల్యాబ్, గిటియా లేదా ఫోర్జియో సొంత సర్వర్ మీద నడుస్తుంటే, వాటిలోనే కంటైనర్ రిజిస్ట్రీ ఉంది. దాన్ని ఆన్ చేసుకుని ఈ పేజీ మూసేయండి. ఒక్కరే పనిచేస్తూ రెండు మూడు ఇమేజ్‌లు మాత్రమే ఉన్నవాళ్లకూ ఇంత శ్రమ అక్కర్లేదు.

కోడ్ బయటికి వెళ్లకూడదన్నా, ఇంటర్నెట్ లేని నెట్‌వర్క్‌లో సర్వర్లు ఉన్నా, గిగాబైట్ల ఇమేజ్‌లు రోజూ లోపల్లోపలే తిరుగుతున్నా సొంతది పెట్టుకోవడంలో అర్థం ఉంది. ఇంకో కారణం డాకర్ హబ్ (డాకర్ కంపెనీ నడిపే పబ్లిక్ రిజిస్ట్రీ) పరిమితులు. 2020 నవంబర్ నుంచి డాకర్ హబ్ పుల్‌లకు (ఇమేజ్‌లు దించుకోవడానికి) లెక్క పెట్టింది: లాగిన్ కాకుండా వాడితే ఒక ఐపీ అడ్రస్‌కు 6 గంటల్లో 100 పుల్‌లు. ఆఫీసులో అందరూ ఒకే ఐపీ వెనక ఉంటే, సీఐ రన్నర్లు (కోడ్ మారినప్పుడల్లా ఆటోమేటిక్‌గా బిల్డ్ చేసే మెషీన్లు) కూడా ఆ ఐపీ నుంచే వెళ్తుంటే, 100 అనేది పొద్దున్నే అయిపోయే సంఖ్య.

లోపల ఏముంటుంది

ఇది రెండు నిమిషాలు అర్థం చేసుకుంటే తర్వాతి తలనొప్పులు సగం తగ్గుతాయి. రిజిస్ట్రీలో ఇమేజ్ అనే ఒక ఫైల్ ఏదీ ఉండదు. లేయర్లు (ఇమేజ్‌లోని ఫైళ్ల పొరలు) ఉంటాయి, ఒక కాన్ఫిగ్ ఉంటుంది, వాటి జాబితా రాసిన మానిఫెస్ట్ ఉంటుంది. ప్రతిదానికీ దాని కంటెంట్ నుంచి లెక్కగట్టిన షా256 డైజెస్ట్ ఉంటుంది, అదే దాని అసలు పేరు. ఒకే లేయర్‌ను ఇరవై ఇమేజ్‌లు వాడుకున్నా డిస్క్ మీద ఒక్కసారే ఉంటుంది.

ట్యాగ్ అంటే మానిఫెస్ట్ డైజెస్ట్‌ను చూపించే గుర్తు మాత్రమే. అదే ట్యాగ్‌తో మళ్లీ పుష్ చేస్తే (రిజిస్ట్రీలోకి ఎక్కిస్తే) గుర్తు కొత్త మానిఫెస్ట్ వైపు తిరుగుతుంది. పాత మానిఫెస్ట్, దాని లేయర్లు డిస్క్ మీద అలాగే ఉండిపోతాయి. "నా దగ్గర పది ట్యాగులే ఉన్నాయి, 200 జీబీ ఎలా అయింది?" అనే ప్రశ్నకు జవాబు ఇదే.

ఏ సాఫ్ట్‌వేర్

ఇక్కడ నేను చెప్పేది డిస్ట్రిబ్యూషన్ గురించి. ఒకప్పుడు డాకర్ రిజిస్ట్రీ అనేవాళ్లు. 2021లో డాకర్ కంపెనీ దీన్ని క్లౌడ్ ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులను చూసుకునే సీఎన్‌సీఎఫ్ సంస్థకు అప్పగించింది. డాకర్ హబ్‌లో దీని ఇమేజ్ పేరు ఇప్పటికీ రిజిస్ట్రీయే. ఏళ్ల తరబడి 2 సిరీస్ నడిచింది, 2025లో 3.0 వచ్చింది. కొత్తగా పెట్టేవాళ్లు 3తోనే మొదలుపెట్టండి. ఒక్క జాగ్రత్త: పాత గైడ్‌లలో కాన్ఫిగ్ ఫైల్ /ఈటీసీ/డాకర్/రిజిస్ట్రీ ఫోల్డర్‌లో ఉందని రాసి ఉంటుంది. 3లో అది /ఈటీసీ/డిస్ట్రిబ్యూషన్/కాన్ఫిగ్.వైఎంఎల్‌కు మారింది. పాత పాత్‌తో కాపీ పేస్ట్ చేసిన కమాండ్లు అందుకే పనిచేయవు.

వెబ్ స్క్రీన్, యూజర్ల వారీగా అనుమతులు, కోటాలు, వల్నరబిలిటీ స్కాన్ ఇవన్నీ కావాలంటే హార్బర్ చూడండి. అది లోపల ఈ డిస్ట్రిబ్యూషన్‌నే వాడుకుంటుంది, కానీ చుట్టూ డేటాబేస్‌తో సహా చాలా కంటైనర్లు ఉంటాయి. కనీసం 2 సీపీయూలు, 4 జీబీ ర్యామ్, 40 జీబీ డిస్క్ అడుగుతుంది. జాట్ అనేది మధ్యస్థం: ఒకే బైనరీ, చెత్త తీసే పని నడుస్తూనే తనే చేసుకుంటుంది. చిన్న టీమ్‌కు మొదటిరోజే హార్బర్ ఎక్కువని నా అభిప్రాయం. దాన్ని అప్‌గ్రేడ్ చేయడమే ఒక ప్రత్యేకమైన పని అవుతుంది.

పేరు

డాకర్ ఒక ఇమేజ్ పేరును చూసినప్పుడు, మొదటి స్లాష్‌కు ముందున్న భాగంలో చుక్క గానీ కోలన్ గానీ ఉంటే, లేదా అది లోకల్‌హోస్ట్ అయితే, దాన్ని రిజిస్ట్రీ అడ్రస్‌గా తీసుకుంటుంది. లేకపోతే డాకర్ హబ్ అనుకుంటుంది. అంటే సర్వర్ అడ్రస్ ఇమేజ్ పేరులో భాగం. మీ డాకర్‌ఫైళ్లు, కంపోజ్ ఫైళ్లు, కుబర్నెటీస్ (చాలా మెషీన్ల మీద కంటైనర్లను నడిపే సిస్టమ్) ఫైళ్లు, సీఐ స్క్రిప్టులు అన్నిటిలోకీ అది పాకుతుంది.

కాబట్టి ఐపీ అడ్రస్‌తో మొదలుపెట్టకండి. సర్వర్ 7 లాంటి మెషీన్ పేరుతోనూ వద్దు. మీ సొంత డొమైన్ కింద రిజిస్ట్రీ.ఎగ్జాంపుల్.కామ్ లాంటి ఒక పేరు తీసుకోండి, డీఎన్ఎస్‌లో మెషీన్ వైపు చూపించండి. రేపు మెషీన్ మారినా, డిస్ట్రిబ్యూషన్ నుంచి హార్బర్‌కు వెళ్లినా, పేరు మారదు. పోర్ట్ కూడా పేరులో భాగమే కనుక 443 మీదే పెట్టండి, 5000 అనేది బయటికి కనిపించకూడదు.

ఆ తర్వాత వచ్చే రిపోజిటరీ పేర్లకు కూడా ఒక పద్ధతి పెట్టుకోండి. టీమ్ పేరు, స్లాష్, సర్వీస్ పేరు అనేది సరిపోతుంది. అన్నీ చిన్న అక్షరాలే ఉండాలి, పెద్ద అక్షరం ఒక్కటి ఉన్నా డాకర్ ఒప్పుకోదు.

రన్ చేయడం

డేటా కోసం వేరే డిస్క్ గానీ వేరే పార్టిషన్ గానీ ఇవ్వండి. రిజిస్ట్రీ నిండితే రిజిస్ట్రీ మాత్రమే ఆగాలి, సర్వర్ మొత్తం కాదు. ఒక ఫోల్డర్ చేసి, అందులో డేటా, ఆథ్ అని రెండు సబ్‌ఫోల్డర్లు పెట్టి, ఒక కంపోజ్ ఫైల్ రాయండి. అందులో ఉండాల్సినవి:

- ఇమేజ్: రిజిస్ట్రీ:3. ఇంకా కచ్చితమైన వెర్షన్ నంబర్ రాస్తే మరీ మంచిది.
- రీస్టార్ట్: అన్‌లెస్-స్టాప్డ్.
- పోర్ట్: 127.0.0.1:5000:5000. ముందున్న 127.0.0.1ను వదిలేయకండి. డాకర్ పోర్ట్ పబ్లిష్ చేసినప్పుడు ఐపీటేబుల్స్ నియమాలు తనే రాసుకుంటుంది, యూఎఫ్‌డబ్ల్యూ ఫైర్‌వాల్‌లో మీరు మూసినా ఆ పోర్ట్ బయటికి తెరిచే ఉంటుంది.
- వాల్యూమ్: మీ డేటా ఫోల్డర్‌ను కంటైనర్‌లోని /వార్/లిబ్/రిజిస్ట్రీకి, ఆథ్ ఫోల్డర్‌ను /ఆథ్‌కు రీడ్-ఓన్లీగా.

సెట్టింగులను ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్‌గా ఇవ్వొచ్చు. పేర్లు గుర్తుపెట్టుకోనక్కర్లేదు, సూత్రం తెలిస్తే చాలు: కాన్ఫిగ్ ఫైల్‌లో పై నుంచి కిందికి వచ్చే కీలను అండర్‌స్కోర్‌లతో కలిపి, ముందు రిజిస్ట్రీ అని చేర్చి, అన్నీ పెద్ద అక్షరాల్లో రాయడం. స్టోరేజ్ కింద డిలీట్, దాని కింద ఎనేబుల్డ్ ఉంది కాబట్టి వేరియబుల్ పేరు రిజిస్ట్రీ_స్టోరేజ్_డిలీట్_ఎనేబుల్డ్. దీన్ని ట్రూ అని ఇప్పుడే పెట్టండి. ఇది డిఫాల్ట్‌గా ఆఫ్‌లో ఉంటుంది; పెట్టకపోతే తొలగించమని ఎన్నిసార్లు అడిగినా 405 అనే జవాబే వస్తుంది.

మ్యాక్‌లో ప్రయత్నిస్తున్నవాళ్లకు ఒక మాట: 5000 పోర్ట్‌ను ఎయిర్‌ప్లే రిసీవర్ ముందే పట్టుకుని కూర్చుంటుంది. వేరే పోర్ట్ వాడండి.

కంటైనర్ లేచాక అదే సర్వర్‌లో కర్ల్‌తో 127.0.0.1:5000/వి2/ అడగండి. 200 వస్తే ఇంతవరకు బాగానే ఉంది. ఆ చివరి స్లాష్ మర్చిపోవద్దు.

టీఎల్ఎస్

టీఎల్ఎస్ అంటే హెచ్‌టీటీపీఎస్ వెనకున్న ఎన్‌క్రిప్షన్. లోకల్‌హోస్ట్ తప్ప మిగతా ఏ రిజిస్ట్రీతోనైనా డాకర్ హెచ్‌టీటీపీఎస్‌లోనే మాట్లాడాలనుకుంటుంది. సర్టిఫికెట్ లేకుండా వేరే మెషీన్ నుంచి పుష్ చేస్తే, "హెచ్‌టీటీపీఎస్ క్లయింట్‌కు సర్వర్ హెచ్‌టీటీపీలో జవాబిచ్చింది" అనే అర్థంలో ఎర్రర్ వస్తుంది. వెతికితే డేమన్.జేసన్‌లో ఇన్‌సెక్యూర్-రిజిస్ట్రీస్ అనే సెట్టింగ్ పెట్టుకోమని సలహా దొరుకుతుంది. దాని జోలికి పోకండి. ప్రతి మెషీన్‌లోనూ అది పెట్టాలి, పాస్‌వర్డ్‌లు నెట్‌వర్క్‌లో అందరికీ కనబడేలా వెళ్తాయి, పైగా ఆ శ్రమతో సరైన సర్టిఫికెటే వచ్చేస్తుంది.

రిజిస్ట్రీ ముందు ఒక రివర్స్ ప్రాక్సీ (బయటి రిక్వెస్ట్‌లను తను తీసుకుని లోపలికి అందించే సర్వర్) పెట్టండి. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు క్యాడీ బెస్ట్. దాని కాన్ఫిగ్‌లో మీ డొమైన్ పేరు రాసి, బ్రేసుల మధ్య రివర్స్_ప్రాక్సీ 127.0.0.1:5000 అని ఒక్క లైన్ రాస్తే, లెట్స్ ఎన్‌క్రిప్ట్ నుంచి సర్టిఫికెట్ తనే తెచ్చుకుంటుంది, గడువు ముగిసేలోపు తనే రెన్యూ చేసుకుంటుంది. మెషీన్ ఇంటర్నెట్‌కు కనిపించని చోట ఉంటే డీఎన్ఎస్-01 పద్ధతి వాడాలి. డొమైన్‌లో ఒక టీఎక్స్‌టీ రికార్డుతో యాజమాన్యం నిరూపించుకోవడం అన్నమాట, బయటి నుంచి లోపలికి ఎవరూ రానక్కర్లేదు.

ఇంజిన్‌ఎక్స్ ఇప్పటికే ఉన్నవాళ్లు దాన్నే వాడుకోవచ్చు, కానీ దాని డిఫాల్ట్‌లు రిజిస్ట్రీకి సరిపడవు. క్లయింట్_మ్యాక్స్_బాడీ_సైజ్ డిఫాల్ట్‌గా 1 ఎంబీ. ఆ సైజు దాటిన మొదటి లేయర్‌కే 413 ఎర్రర్ వస్తుంది. దాన్ని 0 చేయండి, అంటే పరిమితి లేదని. ప్రాక్సీ_రిక్వెస్ట్_బఫరింగ్ ఆఫ్ చేయండి, లేకపోతే ప్రతి లేయర్‌ను ముందు తన టెంపరరీ ఫోల్డర్‌లో రాసుకుని ఆ తర్వాతే రిజిస్ట్రీకి పంపుతుంది. ప్రాక్సీ_రీడ్_టైమౌట్‌ను 900 సెకన్లకు పెంచండి.

అన్నిటికన్నా మాయగా ఉండేది ఎక్స్-ఫార్వర్డెడ్-ప్రోటో హెడర్. పుష్ మొదలైనప్పుడు "లేయర్‌ను ఈ అడ్రస్‌కు పంపు" అని రిజిస్ట్రీ ఒక లొకేషన్ ఇస్తుంది. బయట హెచ్‌టీటీపీఎస్ ఉందని దానికి ఈ హెడర్ ద్వారానే తెలుస్తుంది. హెడర్ పంపకపోతే హెచ్‌టీటీపీ అడ్రస్ ఇస్తుంది, క్లయింట్ అటు వెళ్లి దెబ్బతింటుంది. లాగిన్ అవుతుంది, పుల్ అవుతుంది, పుష్ మాత్రం కాదు. ఈ లక్షణం కనిపిస్తే మొదట చూడాల్సింది ఈ హెడర్‌నూ, హోస్ట్ హెడర్‌నూ. క్యాడీ ఈ రెండిటినీ తనే చూసుకుంటుంది.

ఇంజిన్‌ఎక్స్‌లో అన్నీ సరిగ్గా ఉన్నా పెద్ద లేయర్లకే 413 వస్తోందా? డొమైన్ క్లౌడ్‌ఫ్లేర్ ప్రాక్సీ వెనక ఉందేమో చూడండి. వాళ్ల ఫ్రీ ప్లాన్‌లో అప్‌లోడ్ పరిమితి 100 ఎంబీ. ఆ సబ్‌డొమైన్‌కు ప్రాక్సీ ఆపి, డీఎన్ఎస్ మాత్రమే ఉంచుకోండి.

సొంత సీఏ (సర్టిఫికెట్ అథారిటీ)తో సర్టిఫికెట్లు ఇచ్చుకునే సంస్థల్లో, ఆ సీఏ సర్టిఫికెట్‌ను ప్రతి క్లయింట్ మెషీన్‌లో /ఈటీసీ/డాకర్/సర్ట్స్.డి ఫోల్డర్ కింద, రిజిస్ట్రీ పేరుతో ఒక ఫోల్డర్ చేసి, సీఏ.సీఆర్‌టీ అనే పేరుతో పెట్టాలి.

లాగిన్

ఇప్పటిదాకా పెట్టిన రిజిస్ట్రీలో ఎవరైనా పుష్ చేయొచ్చు, ఎవరైనా తీసేయొచ్చు. అన్నిటికన్నా సులువైన తాళం హెచ్‌టీపాస్‌డబ్ల్యూడీ ఫైల్, అంటే యూజర్ పేర్లు, పాస్‌వర్డ్ హ్యాష్‌లు ఉండే ఫైల్. దాన్ని తయారుచేసే టూల్ ఒకప్పుడు రిజిస్ట్రీ ఇమేజ్‌లోనే ఉండేది, తర్వాత తీసేశారు. ఇప్పుడు అపాచీ వాళ్ల హెచ్‌టీటీపీడీ ఇమేజ్‌లో దొరుకుతుంది, లేదా అపాచీ యుటిలిటీస్ ప్యాకేజీ ఇన్‌స్టాల్ చేసుకోవచ్చు. పెద్ద బీ ఆప్షన్ తప్పనిసరి, అంటే బీక్రిప్ట్. రిజిస్ట్రీకి బీక్రిప్ట్ తప్ప వేరే హ్యాష్ అర్థం కాదు. ఆ ఆప్షన్ మర్చిపోతే పాస్‌వర్డ్ కరెక్టుగా ఉన్నా 401 వస్తూనే ఉంటుంది, ఎందుకో లాగ్‌లో కూడా సూటిగా తెలియదు.

ఫైల్‌ను ఆథ్ ఫోల్డర్‌లో పెట్టి, కంపోజ్‌లో మూడు వేరియబుల్స్ చేర్చండి: ఆథ్ విలువ హెచ్‌టీపాస్‌డబ్ల్యూడీ, దాని కింద రెల్మ్‌కు ఏదో ఒక పేరు, పాత్‌కు కంటైనర్ లోపలి ఫైల్ పాత్. రీస్టార్ట్ చేశాక /వి2/ అడిగితే ఇప్పుడు 401 రావాలి. యూజర్ పేరు, పాస్‌వర్డ్‌తో అడిగితే 200.

ఈ పద్ధతిలో పెద్ద లోటు ఒకటుంది. లోపలికి రాగలిగిన ప్రతి ఒక్కరికీ అన్ని అధికారాలూ ఉంటాయి. ప్రొడక్షన్ సర్వర్‌కు పుల్ మాత్రమే ఇవ్వాలి, సీఐకి పుష్ ఇవ్వాలి అంటే హెచ్‌టీపాస్‌డబ్ల్యూడీ చేయలేదు. సరైన మార్గం టోకెన్ సర్వర్ పెట్టడం. దానికంటే జాట్‌కో హార్బర్‌కో వెళ్లడం తేలిక. కానీ చిన్న సెటప్‌కు ప్రాక్సీలోనే ఒక చిట్కా ఉంది. పుల్‌కు గెట్, హెడ్ మాత్రమే కావాలి. పుష్, డిలీట్‌లకు పోస్ట్, ప్యాచ్, పుట్, డిలీట్ మెథడ్‌లు కావాలి. ఇంజిన్‌ఎక్స్‌లో లిమిట్_ఎక్సెప్ట్ గెట్ అనే బ్లాక్ రాసి, లోపల సీఐ మెషీన్ల ఐపీలకు అలౌ, మిగతా అందరికీ డినై ఇవ్వండి. గెట్ ఉంటే హెడ్ కూడా అందులో కలిసే ఉంటుంది. నాలుగు లైన్లతో, డెవలపర్ ల్యాప్‌టాప్ నుంచి ప్రొడక్షన్ ట్యాగ్ మీద పొరపాటున పుష్ అయ్యే ప్రమాదం తప్పుతుంది.

తప్పుడు పాస్‌వర్డ్‌లు ఎన్నిసార్లు కొట్టినా డిస్ట్రిబ్యూషన్ అకౌంట్‌ను లాక్ చేయదు. వీలైతే రిజిస్ట్రీని వీపీఎన్ లోపలే ఉంచండి.

సీఐలో లాగిన్ అయ్యేటప్పుడు పాస్‌వర్డ్‌ను కమాండ్‌లో నేరుగా రాయకుండా పాస్‌వర్డ్-ఎస్‌టీడిన్ ఆప్షన్ వాడండి. క్రెడెన్షియల్ హెల్పర్ లేని మెషీన్‌లో డాకర్ లాగిన్ చేస్తే వివరాలు హోమ్ ఫోల్డర్‌లోని .డాకర్/కాన్ఫిగ్.జేసన్‌లో బేస్64గా పడి ఉంటాయి. బేస్64 ఎన్‌క్రిప్షన్ కాదు, ఎవరైనా క్షణంలో విప్పేస్తారు.

మొదటి పుష్

డాకర్ లాగిన్ రిజిస్ట్రీ.ఎగ్జాంపుల్.కామ్. తర్వాత మీ ఇమేజ్‌కు రిజిస్ట్రీ.ఎగ్జాంపుల్.కామ్/టీమ్/యాప్:ట్యాగ్ అనే పేరు డాకర్ ట్యాగ్‌తో ఇచ్చి, డాకర్ పుష్. వేరే మెషీన్ నుంచి పుల్ చేసి చూడండి. ఏమేం ఉన్నాయో తెలియాలంటే /వి2/_క్యాటలాగ్ రిపోజిటరీల పేర్లు ఇస్తుంది, /వి2/టీమ్/యాప్/ట్యాగ్స్/లిస్ట్ ఆ రిపోజిటరీ ట్యాగులు ఇస్తుంది. క్యాటలాగ్ ఒక్క జవాబులో అన్నిటినీ ఇస్తుందనుకోకండి, పేజీలుగా వస్తుంది.

ట్యాగ్ ఏం పెట్టాలి? గిట్ కమిట్ చిన్న హ్యాష్ పెట్టండి, రిలీజ్‌లకు అదనంగా వెర్షన్ నంబర్. లేటెస్ట్ అనేది డెవలపర్ల సౌకర్యం కోసం ఉంటే ఉండనివ్వండి, ప్రొడక్షన్‌లో మాత్రం వద్దు. ఒకసారి పుష్ చేసిన వెర్షన్ ట్యాగ్‌ను ఇంకెవరూ మార్చకుండా ఆపే సదుపాయం డిస్ట్రిబ్యూషన్‌లో లేదు (హార్బర్‌లో ఉంది). కాబట్టి నిజంగా ముఖ్యమైన చోట ట్యాగ్‌కు బదులు డైజెస్ట్‌తోనే పుల్ చేయండి.

తీసేయడం, ఇదే అసలు పని

సీఐ రోజుకు ఇరవై బిల్డులు చేస్తే, ఒక్కోటి కొత్తగా 150 ఎంబీ లేయర్ తెస్తే, రోజుకు 3 జీబీ. నెలకు 90 జీబీ. దీన్ని ఎవరూ చూసుకోకపోతే ఏమవుతుందో లెక్క వేసుకోవచ్చు.

ముందు నియమం రాయండి. ఉదాహరణకు: రిలీజ్ ట్యాగులు ఎప్పటికీ ఉంటాయి, మెయిన్ బ్రాంచ్ బిల్డులు చివరి 20 ఉంటాయి, మిగతా బ్రాంచ్‌లవి 14 రోజులు. సంఖ్యలు మీ ఇష్టం, కానీ టీమ్ అంతా ఒప్పుకున్నవై ఉండాలి. ట్యాగ్ పేరు చూడగానే అది ఏ కోవలోకి వస్తుందో తెలియాలి, అప్పుడే స్క్రిప్ట్ రాయడం సాధ్యం. బ్రాంచ్ బిల్డులకు ముందు డెవ్ అనే మాట చేర్చడం లాంటి చిన్న అలవాటు ఇక్కడ బాగా పనికొస్తుంది.

తొలగింపు రెండు దశల్లో జరుగుతుంది. ముందు మానిఫెస్ట్‌ను తీసేయాలి, ఆ తర్వాత ఎవరికీ చెందని లేయర్లను ఊడ్చాలి. మొదటి దశ చేసి డిస్క్ సైజు చూస్తే ఒక్క బైట్ కూడా తగ్గదు. కంగారు పడకండి, అది అంతే.

మొదటి దశలో, ట్యాగ్‌కు సంబంధించిన డైజెస్ట్ ఏదో హెడ్ రిక్వెస్ట్‌తో తెలుసుకోవాలి; జవాబులోని డాకర్-కంటెంట్-డైజెస్ట్ హెడర్‌లో ఉంటుంది. అడిగేటప్పుడు యాక్సెప్ట్ హెడర్‌లో మానిఫెస్ట్ రకాలన్నీ, అంటే డాకర్‌వీ, ఓసీఐ అనే ఓపెన్ ప్రమాణానివీ, వాటి మల్టీ-ఆర్కిటెక్చర్ (ఒకే పేరు కింద వేర్వేరు ప్రాసెసర్ రకాలవి) జాబితాలతో సహా, ఇవ్వాలి. తర్వాత ఆ డైజెస్ట్ మీద డిలీట్ పంపితే 202 వస్తుంది. కర్ల్‌తో ఇదంతా చేయొచ్చు గానీ క్రేన్, రెగ్‌సీటీఎల్, స్కోపియో లాంటి టూల్స్ ఉండగా ఎందుకు?

ఇక్కడొక ఉచ్చు ఉంది. మీరు తీసేస్తున్నది డైజెస్ట్‌ను, ట్యాగ్‌ను కాదు. ఒకే ఇమేజ్‌కు డెవ్ ట్యాగ్, 1.4.0 ట్యాగ్ రెండూ ఉంటే, డెవ్ పాతదైందని దాని డైజెస్ట్ తీసేయగానే 1.4.0 కూడా పోతుంది. స్క్రిప్ట్ తప్పక చేయాల్సిన పని: ఉంచాల్సిన ట్యాగులన్నిటి డైజెస్ట్‌లు ముందు సేకరించుకుని, తీసేసే జాబితాలోంచి వాటిని మినహాయించడం. రెగ్‌సీటీఎల్‌లోని ట్యాగ్ డిలీట్ కమాండ్ ట్యాగ్ ఒక్కదాన్నే తీసేస్తుంది, ఇలాంటప్పుడు అది భద్రం.

రెండో దశ గార్బేజ్ కలెక్షన్. ఇది నడుస్తున్నప్పుడు ఎవరూ పుష్ చేయకూడదు. అది ముందు వాడుకలో ఉన్నవాటిని గుర్తు పెట్టుకుని, గుర్తు లేనివాటిని చెరిపేస్తుంది. ఆ మధ్యలో అప్‌లోడ్ అయిన లేయర్‌కు గుర్తు ఉండదు కాబట్టి కొత్త ఇమేజ్ సగం పోతుంది. కాన్ఫిగ్‌లో రీడ్-ఓన్లీ మెయింటెనెన్స్ మోడ్ ఉంది, కానీ చిన్న రిజిస్ట్రీకి సూటిగా ఆపేయడమే మేలు:

1. డాకర్ కంపోజ్ స్టాప్‌తో రిజిస్ట్రీని ఆపండి.
2. డాకర్ కంపోజ్ రన్ --ఆర్ఎం రిజిస్ట్రీ గార్బేజ్-కలెక్ట్ --డ్రై-రన్ /ఈటీసీ/డిస్ట్రిబ్యూషన్/కాన్ఫిగ్.వైఎంఎల్ నడపండి. ఏమేం పోతాయో చెబుతుంది, ఏదీ చెరపదు.
3. జాబితా సబబుగా ఉంటే డ్రై-రన్ తీసేసి అదే కమాండ్ మళ్లీ.
4. డాకర్ కంపోజ్ అప్ -డి.

నాలుగో మెట్టు మామూలు విషయంలా కనిపిస్తుంది, కాదు. రిజిస్ట్రీ ఏ లేయర్లు తన దగ్గర ఉన్నాయో మెమరీలో గుర్తుంచుకుంటుంది. ఆపకుండా, రీడ్-ఓన్లీలో ఉంచి ఊడ్చి, రీస్టార్ట్ చేయకపోతే, పోయిన లేయర్ గురించి కూడా "నా దగ్గర ఉంది" అని క్లయింట్‌కు చెబుతుంది. క్లయింట్ పంపదు. పుష్ విజయవంతం, పుల్ మాత్రం విఫలం.

ట్యాగ్ పోయిన పాత మానిఫెస్ట్‌లను కూడా తీయమనే --డిలీట్-అన్‌ట్యాగ్డ్ ఆప్షన్ ఉంది. ఒకే ట్యాగ్ మీద మళ్లీ మళ్లీ పుష్ చేసేవాళ్లకు ఎక్కువ స్థలం దొరికేది దీంతోనే. కానీ మీరింకా 2 సిరీస్‌లో ఉంటే దీన్ని ముట్టుకోకండి. మల్టీ-ఆర్కిటెక్చర్ ఇమేజ్‌లో పైన జాబితాకు ట్యాగ్ ఉంటుంది, లోపలి ఒక్కో ఆర్కిటెక్చర్ మానిఫెస్ట్‌కు ట్యాగ్ ఉండదు. పాత వెర్షన్లలో ఆ లోపలివాటిని కూడా ట్యాగ్ లేనివిగా లెక్కగట్టి చెరిపేసే సమస్య ఉంది. మావన్నీ ఒకే ఆర్కిటెక్చర్ ఇమేజ్‌లే అనుకోకండి: డాకర్ బిల్డ్ టూల్ బిల్డ్ఎక్స్ 0.10 నుంచి ప్రావినెన్స్ (ఇమేజ్ ఎలా కట్టారో చెప్పే) సమాచారం డిఫాల్ట్‌గా జోడిస్తోంది, దానివల్ల మామూలు ఇమేజ్ కూడా జాబితా రూపంలోనే పుష్ అవుతుంది. 3లో ఉన్నా ఈ ఆప్షన్‌తో మొదటిసారి నడిపేముందు డ్రై-రన్ అవుట్‌పుట్ ఓపిగ్గా చదవండి.

పని సజావుగా జరిగాక దాన్ని వారానికోసారి, ఎవరూ బిల్డులు చేయని వేళకు క్రాన్‌లో పెట్టేయండి. డిస్క్ 80 శాతం దాటితే మెసేజ్ వచ్చేలా అలర్ట్ కూడా. సగంలో ఆగిపోయిన అప్‌లోడ్‌ల గురించి దిగులు అక్కర్లేదు, వారం దాటినవాటిని రిజిస్ట్రీయే తీసేస్తుంది. అన్ని ట్యాగులూ పోయిన రిపోజిటరీ పేరు క్యాటలాగ్‌లో ఇంకా కనిపిస్తూనే ఉంటుంది. చూడ్డానికి చిరాకు తప్ప నష్టం లేదు.

డాకర్ హబ్‌కు క్యాష్

పుల్ పరిమితుల బాధ తగ్గాలంటే రెండో కంటైనర్ కావాలి. అదే రిజిస్ట్రీ ఇమేజ్, వేరే డేటా ఫోల్డర్, వేరే పేరు, ప్రాక్సీ కింద రిమోట్‌యూఆర్ఎల్‌గా డాకర్ హబ్ రిజిస్ట్రీ అడ్రస్. ఇలా పెట్టిన రిజిస్ట్రీలోకి పుష్ చేయడం కుదరదు, అందుకే మొదటిదాన్నే రెండు పనులకూ వాడలేం. క్లయింట్ మెషీన్ల డేమన్.జేసన్‌లో రిజిస్ట్రీ-మిర్రర్స్ కింద దీని అడ్రస్ ఇవ్వండి. ఈ మిర్రర్ సెట్టింగ్ డాకర్ హబ్ ఇమేజ్‌లకు మాత్రమే పనిచేస్తుంది. క్యాష్‌కు మీ డాకర్ హబ్ అకౌంట్ వివరాలు ఇస్తే, ఆ అకౌంట్‌లోని ప్రైవేట్ ఇమేజ్‌లు కూడా క్యాష్‌ను చేరగలిగిన వాళ్లందరికీ అందుతాయి. దీనికోసం ప్రైవేట్ ఇమేజ్‌లేవీ లేని ఖాళీ అకౌంట్ వాడండి.

కుబర్నెటీస్ ఉంటే

డాకర్-రిజిస్ట్రీ రకం సీక్రెట్ ఒకటి చేసి, దాన్ని ప్రతి పాడ్‌లో రాయకుండా సర్వీస్ అకౌంట్‌కు తగిలించండి. సీక్రెట్ నేమ్‌స్పేస్ దాటి పనిచేయదు, ప్రతి నేమ్‌స్పేస్‌లోనూ ఉండాలి. ఇమేజ్‌పుల్‌బ్యాకాఫ్ అనే ఎర్రర్ కనిపిస్తే కుబ్‌సీటీఎల్ డిస్క్రైబ్ చివర్లోని ఈవెంట్లు చదవండి: పేరు తప్పా, పాస్‌వర్డా, సర్టిఫికెటా అనేది అక్కడే ఉంటుంది. సొంత సీఏ వాడేవాళ్లు గమనించాలి, కుబర్నెటీస్ కింద కంటైనర్లను నడిపే కంటైనర్‌డీ, డాకర్ సర్టిఫికెట్ ఫోల్డర్‌ను చూడదు. దానికి /ఈటీసీ/కంటైనర్‌డీ/సర్ట్స్.డి కింద వేరే ఫైల్ ఉంటుంది. రిజిస్ట్రీని అదే క్లస్టర్ లోపల నడపడం నాకు నచ్చదు. క్లస్టర్ పడిపోయి లేవాలంటే ఇమేజ్‌లు కావాలి, ఇమేజ్‌లు ఇచ్చేది లేవాలంటే క్లస్టర్ కావాలి.

బ్యాకప్

మళ్లీ బిల్డ్ చేసుకోవచ్చు కదా అని బ్యాకప్ మానేసేవాళ్లున్నారు. డెవ్ బిల్డులకైతే సరే. రిలీజ్ చేసినవాటికి అది పనికిరాదు: బేస్ ఇమేజ్ మారి ఉంటుంది, ప్యాకేజీలు మారి ఉంటాయి, అదే డాకర్‌ఫైల్‌తో కట్టినా అదే డైజెస్ట్ రాదు.

డేటా ఫోల్డర్‌లో బ్లాబ్స్, రిపోజిటరీస్ అని రెండు భాగాలు ఉంటాయి. బ్లాబ్ (లేయర్ లాంటి డేటా ముక్క) ఒకసారి రాశాక మారదు కాబట్టి ఆర్‌సింక్ మొదటిసారి తర్వాత చాలా వేగంగా అయిపోతుంది. వారపు గార్బేజ్ కలెక్షన్ కోసం రిజిస్ట్రీని ఎలాగూ ఆపుతున్నారు, ఊడ్చే ముందు అదే విరామంలో కాపీ చేసుకోండి. కంపోజ్ ఫైల్, ఆథ్ ఫైల్, ప్రాక్సీ కాన్ఫిగ్ కూడా అందులో ఉండాలి. రిజిస్ట్రీ ఇమేజ్‌ను డాకర్ సేవ్‌తో ఒక టార్ ఫైల్‌గా చేసి పక్కన పెట్టండి, బయటి నెట్‌వర్క్ అందని రోజున రిజిస్ట్రీని లేపడానికి రిజిస్ట్రీ నుంచి పుల్ చేయలేరు.

బ్యాకప్‌ను పరీక్షించడం చాలా సులువు. వేరే ఏదైనా మెషీన్‌లో, కాపీ చేసిన డేటా ఫోల్డర్‌ను తగిలించి, ఆథ్ లేకుండా, 127.0.0.1 మీద మాత్రమే రిజిస్ట్రీని రన్ చేయండి. లోకల్‌హోస్ట్ కనుక టీఎల్ఎస్ అడగదు. ఒక పాత రిలీజ్‌ను లోకల్‌హోస్ట్:5000/టీమ్/యాప్ పేరుతో పుల్ చేసి, వచ్చిన డైజెస్ట్‌ను అసలు రిజిస్ట్రీలోని డైజెస్ట్‌తో పోల్చి చూడండి. రెండూ ఒకటైతే ఆ టెస్ట్ కంటైనర్‌ను తీసేయొచ్చు.